చెవిటి కుక్కకి ఎవరి చేతి భాష నేర్పాలి?

మొన్న ఒకావిడ రాసుకున్న నాలుగు వాక్యాలు చదివాను. ఒక చెవిటి కుక్కని ఫోస్టర్‌కి, అంటే శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు దొరికేదాకా తాత్కాలికంగా, ఇంటికి తెచ్చుకుని రెండు నెలలైందట. "మా ఇద్దరికే తెలిసిన భాష ఒకటి తయారైంది. నేను కనుబొమ్మ ఎగరేస్తే చాలు, వచ్చి ఒళ్ళో తల పెడుతుంది. ఇంట్లో ఇంకెవరు పిలిచినా కదలదు" అని ఎంతో మురిపెంగా రాశారు. చదివినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం గుండెల్లో కలుక్కుమంది. ఇంచుమించు ఇవే మాటలు, నేను ఫోస్టర్ చేసిన చెవిటి కుక్క మల్లి గురించి నేనూ ఒకప్పుడు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ భాష మూలంగానే మల్లి కొత్త ఇంటికి వెళ్ళిన తొమ్మిదో రోజున వెనక్కి వచ్చింది.

ఆవిడకి రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత అయింది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. చెవిటి కుక్కని ఫోస్టర్ చేసేవాళ్ళు దానికి తమ చేతిని అర్థం చేసుకోవడం నేర్పి ఆగిపోకూడదు. ముక్కూమొహం తెలియని మనిషి చేతిని కూడా అర్థం చేసుకునేలా నేర్పి పంపాలి. ఆ కుక్క ఎవరి ఇంట్లో బతకబోతుందో వాళ్ళని మనం ఇంకా చూడనుకూడా లేదు కదా. ఈ మాట మీద నాకే కొన్ని సందేహాలున్నాయి. అవీ దాచుకోకుండా రాస్తాను.

మొండిది అన్నారు

మల్లి మా ఇంటికి వచ్చినప్పుడు దానికి ఏడాది వయసుంటుందని షెల్టర్‌వాళ్ళ అంచనా. ఒళ్ళంతా తెలుపు, కుడి చెవి మీద మాత్రం గోధుమరంగు మచ్చ. దానితోపాటు ఇచ్చిన కాగితంలో "మొండిది, మాట వినదు, ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది" అని రాసి ఉంది. రాసినవన్నీ నిజమే. కారణం ఏమై ఉంటుందని మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. నాకూ రెండు రోజులు తట్టలేదు. మూడో రోజు అది పరుపు మీద నిద్రపోతుండగా నా చేతిలోంచి స్టీలు గిన్నె జారి నేల మీద గిర్రున తిరిగింది. పక్కగదిలో చదువుకుంటున్న మా పాప "ఏంటమ్మా?" అంటూ పరిగెత్తుకొచ్చింది. గిన్నెకి బారెడు దూరంలో ఉన్న మల్లి చెవి కూడా కదపలేదు.

ఇంట్లో చప్పుడు చేసి చూసే పరీక్షని పూర్తిగా నమ్మొద్దని డాక్టరు చెప్పారు. చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, తలుపు వేస్తే నేల అదురుతుంది. కుక్క అటు తిరగగానే వినబడిందనుకుంటాం. ఒక్క చెవే పోయిన కుక్కయితే దాదాపు మామూలుగానే తిరుగుతుంది, శబ్దం ఎటునుంచి వచ్చిందో పోల్చుకోవడంలోనే తడబడుతుంది. ఖాయంగా తెలియాలంటే బేర్ పరీక్ష చేయించాలి. చెవిలో టిక్కుటిక్కుమనే శబ్దాలు వినిపిస్తూ, తల మీద చర్మంలోకి గుచ్చిన సన్నని సూదుల ద్వారా మెదడు దానికి ఎలా స్పందిస్తోందో గీతలుగా నమోదు చేస్తారు. మల్లికి రెండు చెవులకీ గీత ఎక్కడా లేవలేదు.

తెల్లగా ఉండడానికీ చెవుడుకీ సంబంధం ఉందని నాకు అప్పుడే తెలిసింది. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలట. అక్కడి ఒక పొర వినికిడి కణాలని పోషిస్తుంటుంది, ఆ పొర నిలబడాలంటే ఈ రంగుకణాలు అవసరం. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ పొర క్షీణించి, దాంతోపాటు వినికిడి కణాలూ చనిపోతాయి. అసలు కుక్కపిల్లలకి చెవి రంధ్రాలు తెరుచుకునేదే రెండు వారాల వయసులో. అంటే మల్లి ఏమైనా వింటే గింటే కొన్ని రోజులే విని ఉంటుంది. తెల్లకుక్కలన్నీ చెవిటివి కావు, కానీ తెలుపు ఎక్కువున్న జాతుల్లో ఇది బాగా కనిపిస్తుంది. అమెరికాలో డాల్మేషియన్లకి చేసిన పరీక్షల్లో 22 శాతానికి ఒక చెవి, 8 శాతానికి రెండు చెవులూ వినబడవని తేలింది. మెర్ల్ రంగున్న, అంటే లేత రంగు మీద ముదురు మచ్చలుండే రెండు కుక్కల్ని జత కలిపితే పుట్టే పిల్లల్లో నాలుగోవంతుకి ఆ జన్యువు రెండువైపుల నుంచీ వస్తుంది. వాటిలో చాలావాటికి చెవులో కళ్ళో, ఒక్కోసారి రెండూనో పాడవుతాయి. తెలిసి తెలిసి అలా జత కట్టించేవాళ్ళ మీద నాకు పట్టరాని కోపం ఉంది. అది వేరే వ్యాసం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మల్లిని చూసి "అయ్యో పాపం, దాని లోకమంతా నిశ్శబ్దం" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని ప్రపంచంలో దాదాపు ఎన్నడూ లేనిదాన్ని అది వెతుక్కోవడం లేదు. దాన్ని వేధించేవి వేరే ఉన్నాయి. వెనకనుంచి హఠాత్తుగా మీద పడే చెయ్యి. ఎందుకో తెలియని విసుగు మొహాలు. తలుపు తీసిన క్షణంలో ఖాళీ అయిపోయిన గది. వీటన్నిటినీ మనం మార్చగలం.

ముందు చూపు

వినబడే కుక్కని పేరుపెట్టి పిలుస్తాం, తల తిప్పుతుంది, అప్పుడు ఏం చెయ్యాలో చెబుతాం. చెవిటి కుక్క దగ్గర ఆ పిలుపే లేదు. అది నావైపు చూడకపోతే నా దగ్గర ఎన్ని సైగలున్నా దండగ. అందుకని మొదటి మూడు వారాలూ కూర్చో, పడుకో లాంటివేవీ నేర్పలేదు. నడుముకి చిన్న సంచి కట్టుకుని, అందులో గోరంత ట్రీట్లు వేసుకుని నా పని నేను చేసుకునేదాన్ని. తనంతట తాను నా మొహం వైపు చూసిన ప్రతిసారీ బొటనవేలు పైకెత్తి చూపించి, వెంటనే ఒక ముక్క పెట్టేదాన్ని.

మామూలు కుక్కలకి క్లిక్కర్, అంటే నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, చేసే పనే ఇక్కడ బొటనవేలు చేస్తుంది. 'ఇప్పుడు చేశావే, అదే నాకు కావాలి' అని చెప్పే గుర్తు అది. మొదట్లో దానికి ఏ అర్థమూ ఉండదు. వేలెత్తడం, ముక్క పెట్టడం, వేలెత్తడం, ముక్క పెట్టడం. రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ ఓ పది పదిహేను ముక్కలు. రెండో రోజు సాయంత్రానికి వేలు లేవగానే తోక ఊగింది. వేలు లేచే క్షణమే కీలకం. కుక్క కూర్చుని, మళ్ళీ లేచి, నేల వాసన చూడబోతుండగా వేలెత్తితే, వాసన చూసినందుకే మెచ్చుకున్నామనుకుంటుంది.

మూడో వారానికి అది వసారాలో నడుస్తూ నాలుగడుగులకోసారి ఆగేది. ఒళ్ళు కదపకుండా తల మాత్రం వెనక్కి తిప్పి చూసేది. మెడ దగ్గర తెల్ల బొచ్చు ఒక మడత పడేది. నా వేలు కనిపించాక మడత విప్పుకుని మళ్ళీ ముందుకి. ఆ మడత కోసం నేను రోజంతా ఎదురుచూసేదాన్ని. ఇప్పటికీ మల్లి అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

"ఇలా నేర్పితే కుక్క మనిషిని అంటిపెట్టుకుపోతుంది, దానికి స్థిమితం ఉండదు" అని ఒక స్నేహితురాలు అంది. కొంతవరకు నిజమే. నాలుగో వారంలో నేను స్నానానికి వెళితే తలుపు ముందే కూర్చునేది. అప్పుడు చూసిన ప్రతిసారీ కాకుండా మూడుసార్లకి, అయిదుసార్లకి ఒకసారి ముక్క పెట్టడం మొదలెట్టాను. దాని పరుపు మీద అది ఒంటరిగా, హాయిగా పడుకున్నప్పుడు నిశ్శబ్దంగా వెళ్ళి ఒక ముక్క ముందు పెట్టి వచ్చేదాన్ని. నెమ్మదిగా సర్దుకుంది. అయినా చూపు విషయంలో తక్కువకంటే ఎక్కువే నయమని నా నమ్మకం. ఆ చూపే దాని ప్రాణాన్ని కాపాడేది.

దూరంగా ఉన్నప్పుడు పిలవడానికి పెరట్లో లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేదాన్ని. టార్చితో నేల మీద వెలుగుని ఆడించడం మాత్రం చెయ్యకండి. కదిలే వెలుగు వెంటపడడం కొన్ని కుక్కలకి వదలని జబ్బుగా మారుతుంది. వైబ్రేషన్ కాలర్ గురించి చాలామంది అడుగుతారు. షాక్ ఇచ్చేది వేరు, సెల్‌ఫోన్‌లా అదిరేది వేరు, నేను చెప్పేది రెండోదాని గురించి. 'అదిరితే నావైపు చూడు, చూస్తే ముక్క' అని ఓపికగా అలవాటు చేస్తే అది మంచి పనిముట్టే. నేను వాడలేదు. ఛార్జింగ్ అయిపోయిన రోజున, కాలర్ ఎక్కడో పెట్టి మర్చిపోయిన ఇంట్లో మల్లి పరిస్థితి ఏమిటన్నది నా భయం. సొంతంగా పెంచుకునేదాన్నయితే బహుశా వాడేదాన్నేమో.

ఒక్క విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. కంచె లేని చోట లీష్ విప్పకూడదు. ఎంత బాగా నేర్చుకున్న కుక్కయినా సరే. వెనకనుంచి వచ్చే బండి హారన్ దానికి లేదు, మనం పెట్టే కేకా లేదు.

నిద్ర లేపడం

చెవిటి కుక్క ఉలిక్కిపడి లేస్తే కరుస్తుంది, పిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదు అనే మాట ఎప్పటినుంచో ఉంది. ఒకప్పుడు డాల్మేషియన్ పెంపకందారుల్లో, రెండు చెవులూ వినబడని పిల్లల్ని చిన్నప్పుడే ప్రాణం తీసెయ్యడమే దయ అనే వాదన గట్టిగా వినిపించేది. 2014లో అమెరికాలో యజమానుల్ని ప్రశ్నలడిగి చేసిన ఒక అధ్యయనం వచ్చింది. చెవులో కళ్ళో సరిగా లేని కుక్కల్లో దూకుడు మామూలు కుక్కల కంటే ఎక్కువేమీ కనిపించలేదు, కాస్త తక్కువే. కనబడిందల్లా నమలడం, నాకడం, మొరగడం లాంటివి ఎక్కువని. దీన్ని కూడా జాగ్రత్తగానే తీసుకోవాలి. జవాబు చెప్పినవాళ్ళు ఆ కుక్కల్ని ప్రేమించి ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు. కరిచిన కుక్కలు ఆ లెక్కలోకి రాకముందే పోయి ఉండొచ్చు.

నేను చూసింది చెబుతాను. మల్లి మొదటి వారంలో నిద్రలో తాకితే పళ్ళు బయటపెట్టి లేచేది. కరవలేదు, కానీ ఆ క్షణం దాని కళ్ళలో ఉన్నది భయం. అందుకని దానికి ఒక ఒప్పందం నేర్పాం. ముందు మెలకువగా ఉన్నప్పుడు భుజం మీద రెండు వేళ్ళతో తట్టి ముక్క. తర్వాత కునికిపాట్లు పడుతున్నప్పుడు. ఆ తర్వాత నిద్రలో. ముందు పరుపు అంచు నొక్కడం, తర్వాత ముక్కు ముందు మూసిన పిడికిలి పెట్టడం, వాసనకి ముక్కుపుటాలు కదిలాక భుజం తట్టడం. ఎప్పుడూ అదే భుజం, అవే రెండు వేళ్ళు. నెలరోజుల్లో కొన్ని వందలసార్లు చేసి ఉంటాం. ఆఖరికి తట్టగానే కళ్ళు తెరవకుండానే నోరు తెరిచేది.

మా పాప మాత్రం నిద్రపోతున్న మల్లిని ముట్టుకోకూడదన్న నియమం ఆఖరిదాకా ఉంచాం. నేర్పాం కదా అని పిల్లల చేతికి ఆ బాధ్యత పెట్టకూడదు. వినబడే కుక్కయినా నా మాట ఇదే.

తొమ్మిది రోజులు

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మూడో నెలకల్లా మల్లికి పదిహేను సైగలు వచ్చేశాయి. వాటిలో సగం నేను కూర్చుని నిర్ణయించినవి కావు, వాటంతట అవే పుట్టినవి. పని అయ్యాక నేను చేతులు తుడుచుకుంటే సంచి దగ్గరికి వెళతానని దానికి తెలుసు, అందుకని పరిగెత్తుకొచ్చేది. సరే, చేతులు తుడుచుకోవడమే 'రా' అయింది. అరచెయ్యి నేలవైపు పెట్టి కిందికి దించితే 'పడుకో'. అరచెయ్యి ఎదురుగా నిలబెడితే 'ఆగు'. గడ్డం కింద గోక్కుంటే 'బయటికి వెళదాం'. తల వంచి కళ్ళు మూసి తెరిస్తే 'మంచిపిల్లవి'. ఇంట్లోవాళ్ళు కూడా నవ్వుకుంటూ నన్ను చూసి నేర్చుకున్నారు, సగం సగం. మా ఆయన పిలిస్తే రెండుసార్లకొకసారి వచ్చేది. దానికి నేనంటేనే ప్రాణం అని లోలోపల పొంగిపోయాను.

ఒక కుటుంబం ముందుకొచ్చింది. భార్యాభర్తలు, హైస్కూల్లో చదివే అబ్బాయి. మంచివాళ్ళు. సైగలన్నీ నోటితో చెప్పాను, ఒక కాగితం మీద రాసిచ్చాను. తొమ్మిదో రోజున ఆయన ఫోన్ చేసి, "మీరేమీ అనుకోకండి, ఇది మమ్మల్ని అస్సలు లెక్కచెయ్యడం లేదండీ. పిలిస్తే మా ముందే నేల మీద పడిపోయి మొండికేస్తోంది" అన్నారు. ఆ సాయంత్రమే తీసుకొచ్చి దింపారు. నన్ను ఓదార్చడానికన్నట్టు, ఎలా చేస్తోందో చూడండని ఒక వీడియో కూడా పంపారు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆయన హాల్లో ఆ చివర వంగి నిలబడి ఉన్నారు. వెనక పెద్ద కిటికీ, దాంట్లోంచి ఎండ. ఆయన అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు ఆడిస్తూ "రా, రా" అని పిలుస్తున్నారు. ఆ చెయ్యి కిందికి దిగగానే మల్లి పడుకుంది. బొడ్డు నేలకి ఆనించి, ముందుకాళ్ళు చాచి, తోకతో నేల ఊడుస్తూ, కళ్ళార్పకుండా ఆయన చేతినే చూస్తోంది. ఆయన ఇంకా గట్టిగా చెయ్యి ఆడించారు. అది గడ్డం కూడా నేలకి ఆనించింది. అంతకంటే బాగా ఎలా పడుకోవాలో దానికి తెలియడం లేదు. ఆయన విసుగొచ్చి అరచెయ్యి దానివైపు చూపిస్తూ "ఏమిటే ఇది?" అన్నారు. అది బొమ్మలా ఆగిపోయింది.

ఆయన అడిగిందల్లా అది చేసింది. నా ఇంటి నిఘంటువు ప్రకారం చేసింది. ఆయనకి కనిపించింది మొండికుక్క. నేను రాసిచ్చిన కాగితం ఉంది, నిజమే. అలవాటుగా కదిలే చెయ్యి కాగితం చూసి కదలదు. ఎవరికైనా 'రా' అనాలనిపిస్తే చెయ్యి తనంతట తానే లేస్తుంది. చేతులు తుడుచుకుంటూ కుక్కని పిలవాలని లోకంలో ఎవరికి తోస్తుంది?

ఇంకొకరి చేతులు

కుక్కకి నేర్పినవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే, వంటింట్లో నేర్చుకున్న 'కూర్చో' వీధిలో పనిచెయ్యదు. ఒక చోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోటికి మార్చుకోవడం వాటికి కష్టం. చెవిటి కుక్కకైతే సైగ అంటే వేళ్ళు మాత్రమే కాదని నాకు అప్పుడర్థమైంది. నా ఎత్తు, నా భుజం వంపు, నేను నిలబడే మూల, నా మొహం, అన్నీ కలిపే దానికి ఒక సైగ. నేర్పింది 'రా' అనుకున్నాను. అది నేర్చుకున్నది 'అమ్మ చేతులు తుడుచుకుంటోంది' అని.

దీనికి తోడు కుక్కల కంటిచూపు. మనం 75 అడుగుల దూరంలో పోల్చుకోగల వివరాన్ని కుక్క 20 అడుగులకి వస్తేనే పోల్చుకోగలదని అంచనా. అంటే దూరం నుంచి వేళ్ళ తేడాలు దానికి అలుక్కుపోతాయి. కదలికని మాత్రం బాగా పట్టుకుంటుంది. ఎండ వచ్చే కిటికీ ముందు నిలబడ్డ మనిషి దానికి ఒక నల్లటి ఆకారం, అంతే. ఆ వీడియోలో ఆయన బొటనవేలు ఎత్తినా మల్లికి కనబడి ఉండేది కాదు.

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఏ సైగ ఎంచుకున్నా ముందు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఒంటిచేత్తో చెయ్యగలరా, రెండో చేతిలో లీష్ ఉంటుంది కదా? ఇరవై అడుగుల నుంచి ఆకారం తెలుస్తుందా? పక్క సైగతో కలిసిపోతుందా? కొత్తమనిషి చెయ్యి తెలియకుండానే చేసే పనికి దగ్గరగా ఉందా? చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమని తేలింది. 'రా' అంటే ఎలా పిలుస్తారో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగి చేయించాను. ఒకరు వేళ్ళు ఆడిస్తారు, ఒకరు చెయ్యి మొత్తం చాచి గుండెల దగ్గరికి తెచ్చుకుంటారు, ఒకరు తొడ మీద చరుచుకుంటారు. చాచి గుండెల దగ్గరికి తెచ్చుకోవడం అన్నిటికంటే పెద్ద కదలిక, దూరానికీ తెలుస్తుంది. అదే 'రా' చేశాం. 'పడుకో'కి అరచెయ్యి తీసేసి చూపుడువేలితో నేలని చూపించే సైగ పెట్టాం. పదిహేనింటిలో ఆరే ఉంచాం. చూడు, రా, ఆగు, కూర్చో, పడుకో, వదిలెయ్.

బధిరులు వాడే సంజ్ఞాభాష నుంచే నేర్పాలని కొందరంటారు. విదేశాల్లో చెవిటి కుక్కల్ని పెంచేవాళ్ళు చాలామంది అలాగే చేస్తారు. నాకూ ఆ ఆలోచన నచ్చింది. ఒక పుస్తకంలో ఉన్న సైగ ఎవరింట్లోనైనా ఒకటే అవుతుంది కదా. కానీ ఆ భాషలో చాలా సైగలకి రెండు చేతులూ కావాలి, వేళ్ళ సన్నని తేడాలుంటాయి, మొహంలో భావం కూడా కలవాలి. మనుషులు మనుషులతో మాట్లాడుకోవడానికి పుట్టిన భాష అది. కొత్త ఇంటివాళ్ళకి ముందే ఆ భాష తెలిసి ఉంటే మాత్రం అంతకంటే మంచిది లేదు.

అసలు కష్టం సైగల దగ్గర లేదు, మనుషుల్ని పోగుచెయ్యడం దగ్గర ఉంది. రోజూ అయిదు నిమిషాలు వేరేవాళ్ళ చెయ్యి. ముందు మా ఆయన, తర్వాత మా పాప, పక్కింటి పిన్నిగారు, పొడుగ్గా ఉండే మా తమ్ముడు. కుర్చీలో కూర్చుని, టోపీ పెట్టుకుని, చేతికి గ్లౌజు వేసుకుని, మసక వెలుతురులో. ప్రతి కొత్త మనిషి దగ్గరా మల్లి మొదట నావైపు చూసేది, 'ఇది నువ్వు చెప్పినదేనా?' అన్నట్టు. నేను గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఆ నిలబడడం నాకు ఎంత కష్టమయిందో రాయలేను. వెనక అది నా వీపు చూస్తోందని తెలుసు, తిరగకూడదని తెలుసు. నాలుగో మనిషికి నావైపు చూడడం తగ్గింది. ఏడో మనిషి మా పాప స్నేహితురాలు, భయంభయంగా చెయ్యి చాచి దగ్గరికి తెచ్చుకుంది. మల్లి నన్ను చూడకుండా నేరుగా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్నలు

ఫోస్టర్ ఇల్లంటే కుక్క కోలుకునే చోటు, ట్రైనింగ్ సెంటర్ కాదు అని నాకు చాలా గౌరవం ఉన్న ఒకరు అన్నారు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్కకి ముందు కావలసింది నిద్ర, ఒక వేళకి తిండి, ఒకే మనిషి వాసన. ఒక్కరినైనా నమ్మడం నేర్చుకోకుండా పదిమంది చేతుల్లో పెడితే బెదిరిపోదా? ఆ మాట కొట్టిపారెయ్యలేను. మొదటి నెలలోనే ఏడుగురిని తెచ్చి ఉంటే మల్లి మంచం కింద నుంచి బయటికి వచ్చేదే కాదు. అందుకే నా వాదనలో వరుస ముఖ్యం. ముందు ఒక మనిషి, ఆ మనిషి మీద నమ్మకం, ఆ నమ్మకాన్ని పట్టుకుని మిగతావాళ్ళు. నేను చేసిన తప్పు మొదటి మెట్టు మీద చాలాకాలం నిలబడిపోవడం.

ఇంకో ప్రశ్న ఇంతకంటే కష్టమైనది. ఇద్దరికే తెలిసిన భాష ప్రేమ కాదా? కనుబొమ్మకి లేచి వచ్చే కుక్కని చూసి మురిసిపోవడం తప్పా? తప్పని నేను అనలేను. తల వంచి కళ్ళు మూసి తెరిచే ఆ సైగని నేను మల్లికి ఆఖరిరోజు దాకా చేస్తూనే ఉన్నాను, అది దేనికీ అడ్డు రాదు కాబట్టి. కానీ 'ఇంకెవరు పిలిచినా కదలదు' అన్నది గొప్పగా చెప్పుకునే మాట కాదు. అది కుక్క పక్షాన చూస్తే చాలా భయంకరమైన మాట. ఆ ఒక్క మనిషికి జ్వరమొస్తే, ఊరెళితే, దాన్ని ఎవరికో అప్పగించేస్తే, దానికి మిగిలే లోకం ఎంత?

మరి నువ్వే ఉంచేసుకోవచ్చుగా అని అడిగినవాళ్ళున్నారు. ఆ తొమ్మిదో రోజు రాత్రి అదే నిర్ణయించుకున్నాను కూడా. తెల్లారాక ఆలోచిస్తే నాకే అనుమానమొచ్చింది. దాని మీద ప్రేమతో ఉంచుకుంటున్నానా, నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఉంచుకుంటున్నానా? మా ఇంట్లో ఒక్క కుక్కకే చోటుంది. మల్లి ఉండిపోతే ఆ చోటు మూసుకుపోతుంది. దాన్ని ఉంచుకోకపోవడం సరైన నిర్ణయమేనా అని ఇప్పటికీ కొన్ని రాత్రులు అనిపిస్తుంది.

షెల్టర్‌వాళ్ళతో ఒక విషయంలో వాదన పడింది. చెవిటి కుక్కని ఇంకో వినబడే కుక్క ఉన్న ఇంటికే ఇవ్వాలని వాళ్ళ నియమం. తోడు కుక్క మేలు చేస్తుంది, కాదనను. తలుపు చప్పుడైతే అది లేస్తుంది, దాన్ని చూసి ఇది లేస్తుంది. కానీ అలా అలవాటుపడ్డ చెవిటి కుక్క మనిషిని చూడడం మానేసి ఆ రెండో కుక్కనే చూస్తూ బతకడం నేను చూశాను. రెండోది పోయిన రోజున దీనికి దిక్కుతోచదు. పైగా ఆ నియమం పెడితే ఇచ్చే ఇళ్ళు సగానికి సగం తగ్గిపోతాయి. ప్రత్యేకమైన కుక్కకి ప్రత్యేకమైన ఇల్లు కావాలన్న ఆలోచనే ఈ కుక్కల్ని బోనుల్లో ఎక్కువకాలం ఉంచుతోందని నా అభిప్రాయం.

నిజానికి చేతుల్ని చదవడం చెవిటి కుక్కల ప్రత్యేకతేమీ కాదు. ఇటలీ పరిశోధకులు 2016లో, నీళ్ళలో మనుషుల్ని కాపాడడానికి శిక్షణ పొందిన కుక్కలకి నోటితో ఒకటి చెప్పి చేత్తో ఇంకొకటి చూపించారు. ఎక్కువగా అవి చేతి మాటే విన్నాయి. వినబడే కుక్కలే అలా చేస్తుంటే, మల్లిని తీసుకెళ్ళేవాళ్ళకి కొత్త విద్యలేం కావాలి? చెయ్యి కాస్త పెద్దగా, స్పష్టంగా ఊపడం, వెలుతురు మొహం మీద పడేలా నిలబడడం. దానికి తగ్గట్టు కుక్కని తయారుచేసి పంపడం మన వంతు.

రెండో ఇల్లు

రెండోసారి ఒక అమ్మాయి, ఆమె అమ్మమ్మ వచ్చారు. ఈసారి కాగితం ఇవ్వలేదు. మూడు వారాలు, ఆదివారం ఆదివారం వాళ్ళనే రమ్మన్నాను. నేను వసారాలో కూర్చుంటే లోపల వాళ్ళు మల్లితో ఉండేవాళ్ళు. అమ్మాయికి మొదటి రోజే కుదిరింది. అమ్మమ్మగారిది కీళ్ళవాతం. వేళ్ళు వంకర్లు తిరిగి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. గ్లౌజులు, టోపీలు, చీకటి, అన్నీ ఆలోచించాను. నిటారుగా లేవని బొటనవేలు గురించి ఆలోచించలేదు.

రెండో ఆదివారం తలుపు సందులోంచి చూశాను. ఆవిడ చెయ్యి చాచి గుండెల దగ్గరికి తెచ్చుకున్నారు. వేళ్ళు వంగి ఉన్నా కదలిక పెద్దది, మల్లి వెళ్ళింది. చూపుడువేలు నేలని చూపించలేక పిడికిలే కిందికి దించారు. మల్లి ఒక క్షణం ఆగి పడుకుంది. ఇక మెచ్చుకోవాలి. ఆవిడ బొటనవేలు ఎత్తడానికి ప్రయత్నించారు, లేవలేదు. మల్లి ఆ పిడికిలి వంక చూస్తూ ఉండిపోయింది, ఎదురుచూస్తూ. లోపలికి వెళ్ళి సాయం చేద్దామని తలుపు మీద చెయ్యి వేశాను, మళ్ళీ తీసేశాను. ఆవిడ కాసేపు తన చేతిని చూసుకుని, తర్వాత తల పెద్దగా పైకీ కిందికీ ఊపి, రెండో చేత్తో ముక్క అందించారు. ఇంకోసారి చేశారు, మళ్ళీ తల ఊపి ముక్క పెట్టారు. అయిదోసారో ఆరోసారో, ముక్క ఇంకా సంచిలో ఉండగానే, ఆవిడ తల ఊపగానే మల్లి తోక నేల మీద తిరగడం మొదలైంది.